సింగారమ్మ కొలిచిన గుంట

జమ్ము మడుగులో నీళ్లకంటే మాటలే ఎక్కువ. కప్ప ఒకటంటే నీటికోడి రెండంటుంది. ఆ మడుగులో అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించే శాల్తీ సింగారమ్మ అనే గేదె. పేరు విని మోసపోకండి, అది దూడప్పుడు పెట్టిన పేరు. ఇంత ఒళ్లొస్తుందని వాళ్లకేం తెలుసు పాపం అని సింగారమ్మే నవ్వేది.

ఓ వేసవిలో జిత్తయ్య అనే నక్క గట్టెక్కి గొంతు సవరించుకున్నాడు.

"ఈ మడుగు ఎండగట్టి దోసపాదులు పెట్టుకుంటాను. పులిగారు సరేనన్నారు, మీకు దీని బదులు ఇంకో మడుగు చూపిస్తే చాలన్నారు. తుమ్మల దగ్గర తవ్వించేశాను, ఇంతకంటే మంచిది!"

పైడమ్మ అనే నీటికోడి గబగబా గట్టు దగ్గరికి ఈదుకొచ్చింది. దాని పిల్లలు గుడ్లలోంచి అప్పుడే బయటపడ్డాయి, రెక్కలింకా రాలేదు. చుట్టూ నీళ్లున్నన్నాళ్లే వాటికి నక్క భయం లేదు.

"మంచిదో, మన్నో! ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదా?" అంది.

"చూడండమ్మా, వద్దన్నానా? మడుగుల సంగతి మా సింగారమ్మ వదినకంటే ఎవరికి తెలుసు? పుట్టినప్పట్నుంచీ అందులోనే కూర్చుంది."

సింగారమ్మ కొమ్ములు ఇంకో మెలిక తిరిగాయి. నిజమే, కూర్చోవడం తప్ప ఇన్నేళ్లూ ఏ పనీ చెయ్యలేదు. అదీ ఒక విద్యేనని ఇవాళ తెలిసింది!

మిట్టమధ్యాహ్నం అందరూ తుమ్మల దగ్గరికి చేరారు. ఎండ మాడు పగలగొడుతోంది.

"గట్టున నిలబడి చూస్తే ఏం తెలుస్తుంది వదినా? దిగి కూర్చో," అన్నాడు జిత్తయ్య.

సింగారమ్మ దబ్బున కూర్చుంది. నీళ్లు పైకి లేచి గట్టు మీద పొర్లాయి.

"నిండుగా ఉందర్రా!"

"అక్కా, నిండుకుండ తొణకదంటారే. ఇదేమో పొర్లిపోతోంది," అంది పైడమ్మ.

"మడుగుల సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?" సింగారమ్మ కళ్లు మూసుకుంది.

"మరి పాతదానికి గండి కొట్టించమంటావా వదినా?"

"ఊఁ."

అది ఒప్పుకోలో, ఒళ్లు చల్లబడినందుకు వచ్చిన మూలుగో సింగారమ్మకే తెలియదు. జిత్తయ్యకు అది చాలు. అతను పురమాయించిన పందికొక్కులు గండి కొట్టేశాయి. పాత మడుగు నీళ్లన్నీ వాగుపాలయ్యాయి. కప్పలు గెంతుకుంటూ, పైడమ్మ పిల్లల్ని వెంటేసుకుని, అందరూ కొత్త గుంటలో దిగారు.

పొద్దు వాలాక సింగారమ్మకు గడ్డి గుర్తొచ్చింది. లేచి, గట్టెక్కి, నాలుగడుగులు వేసిందో లేదో, వెనకనుంచి పైడమ్మ కెవ్వుమంది.

తిరిగి చూస్తే గుంటలో ఇంత బురద! అందులో పిల్లలు ఇరుక్కుని గింజుకుంటున్నాయి. జిత్తయ్య తాపీగా గుంటలోకి దిగుతున్నాడు.

"ఇదేంటి మరిదీ? నీళ్లేవీ?"

"నీళ్లెప్పుడూ ఇంతే వదినా. మిగతాదంతా నువ్వే!"

సింగారమ్మకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఓసి దున్నమొద్దూ, మడుగును కొలవమంటే నీ పొట్టను కొలిచి వచ్చావటే! ఇక తిట్టుకునే వేళ కాదు. ఉన్నపళంగా గుంటలోకి దిగి, పిల్లలు లేని వైపు చూసుకుని చతికిలబడింది. నీళ్లు లేచాయి. పిల్లలు పైకి తేలాయి. జిత్తయ్య నాలుగు గుక్కలు మింగి, దగ్గుకుంటూ తుమ్మల్లో పడి పారిపోయాడు.

కానీ పాత మడుగు పోయినట్టే కదా. వానలు పడేదాకా సింగారమ్మ లేవడానికి లేదు. దూరం వెళ్లి గడ్డి తెచ్చి నోటికి అందించడం అందరికీ పనైపోయింది.

"బాగా తినక్కా, నువ్వు చిక్కితే నీళ్లు తగ్గుతాయి!" అని కప్పలు బతిమాలేవి.

"నా ఒళ్లు చూసి ఊరంతా నవ్వేవారు. ఇప్పుడు తగ్గొద్దని మొక్కుకుంటున్నారు," అని సింగారమ్మ నిట్టూర్చేది.

ఓనాడు దారినపోయే కొంగ ఒకటి వాలి, "ఈ మడుగెలా ఉంటుందక్కా? కాపురం పెట్టొచ్చా?" అని అడిగింది.

"నన్నడక్కు నాయనా," అంది సింగారమ్మ. "నేను లేచాక వచ్చి చూడు."

నీతి: నీళ్లలో ఉన్న గేదెను బేరమాడకూడదు, తీర్పు అసలే అడగకూడదు.