గజపతయ్య లంగరు

పూర్వం ఒక రాజ్యంలో సముద్రమంత సరస్సు ఉండేది. దాని పెత్తనం రాజుగారి బావమరిది గజపతయ్యది. ఆయన ఒకనాడు చాటింపు వేయించాడు.

"నీళ్లు దేవుడివి, అడుగునున్న నేల నాది. ఎవరి లంగరు నేలకు తగిలితే వాళ్ల చేపల్లో సగం నాకే!"

అది విని జాలరి నూకాలు లెక్క వేసుకుంది. లంగరు వేయకపోతే నడిమడుగు గాలికి చిన్న పడవ నిలవదు. సగం చేపలు ఇచ్చేస్తే ఇంట్లో పిల్లలకు గంజినీళ్లే గతి.

మర్నాడు గజపతయ్య నడిమడుగులో తన పడవకు లంగరు వేయించి, గొడుగు కింద కాపలా కూర్చున్నాడు. నూకాలు మెల్లగా వచ్చి తన పడవను ఆయన పడవకు కట్టేసింది. ఆమె పడవకు ఇంకొకరు, వాళ్ల పడవకు మరొకరు, అలా జాలర్లందరూ వరసగా కట్టేసి వలలు దింపారు.

"ఏమే, ఏమిటీ ఆగడం?"

"మేం లంగరు వేయలేదు బాబయ్యా! నేలకు తగిలింది తమరిదొక్కటే."

"ఒరే, ఆ ముడి విప్పరా!" అని గజపతయ్య తన పడవవాణ్ణి కసిరాడు. వాడు నూకాలుకు స్వయానా మేనమామ.

"చెయ్యి పట్టేసింది బాబూ, లేవటంలేదు" అన్నాడు వాడు.

మధ్యాహ్నానికి గజపతయ్యకు ఎండా ఆకలీ కలిసి కళ్లు తిరిగాయి. "ఒడ్డుకెప్పుడే పోవడం?" అని మూలిగాడు.

"పొద్దుగూకాక బాబయ్యా. రేపూ తమరు దయచేస్తారుగా?"

"నా వల్లకాదు! ఎవరి లంగరు వాళ్లే వేసుకు చావండి! మీ చేపా వద్దు, తోకా వద్దు!"

నూకాలు తన లంగరు రాయిని దబ్బున నీళ్లలోకి వదిలి, అప్పుడు ముడి విప్పింది.