కాంపౌండరు రాసుకున్న పదిహేడు సైకిళ్ళు

తెలిసినదాన్ని నలుగురికీ చెప్పకుండా దాచుకోవడం ఒక రకం దొంగతనమని భీమశంకరం నమ్మకం. బుద్ధెరిగాక ఆ దొంగతనం అతను ఒక్కనాడూ చేయలేదు. పత్రికలకు ఉత్తరాలు రాసేవాడు. అచ్చయిన ఉత్తరాన్ని, ఊళ్ళోవాళ్ళకు చదువుకునే శ్రమ లేకుండా, తానే చదివి వినిపించేవాడు. అలాంటివాడు ఒక శనివారం పొద్దున్నే జగ్గయ్యపంతులుగారి అరుగు మీదికి రొప్పుతూ వచ్చి, "గురువుగారూ, బహిరంగంగా అబద్ధమాడేవాణ్ణి నిలదీసే పద్ధతి ఏమిటి?" అని అడిగాడు.

సంగతేమిటంటే, వార్డు కౌన్సిలరు తవిటినాయుడు రెండు రోజులుగా ఆటోకి మైకు కట్టించి చాటిస్తున్నాడు. సంతవీధిలో సైకిళ్ళ ఆగడం మితిమీరిందట, ఈ ఒక్క నెలలోనే పదిహేడుమందిని పడగొట్టాయట, కాబట్టి సాయంత్రం వార్డు సభలో తీర్మానం చేసి సోమవారం నుంచి ఆ వీధిలోకి సైకిలన్నది రానివ్వరట. అదే జరిగితే ముందు మునిగేది ఉప్పు సింహాద్రి. ఆ వీధిలో సైకిలు మీద ఉప్పు అమ్మితేనే సింహాద్రి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. "నానెవుల్ని గుద్దగల్ను బాబూ? మూడు మూటలెట్టినాక నాకు కూకోడానికి సోటేదీ? ఎప్పుడూ తోసుకునే కదా తిరుగుతాను," అని భీమశంకరం దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ప్రశ్న వినగానే వాదం మొదలుపెట్టే మనిషి కారు పంతులుగారు. కండువా భుజాన వేసుకుని లేస్తారు, అంతే. ఆ రోజూ అలాగే లేచి, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని తిన్నగా ఊరి ఆసుపత్రికి నడిచారు. కట్లు కట్టే గదిలో కాంపౌండరు గవరయ్య దూది చుడుతున్నాడు.

"గవరయ్యా, ఆ పదిహేడు లెక్క నీదేనా?"

"నాదేనండి. నాయుడుగారు అడిగితే పుస్తకం చూసి చెప్పాను." గవరయ్య గొంతు తగ్గించాడు. "కట్టు కట్టేముందు ఎలా పడ్డారో రాసుకోవాలి కదండీ. లారీ అంటే పోలీసులొస్తారు. కుక్క అంటే సూదులు పొడుస్తామంటాం. సంతవీధిలో మూతలేని మురుక్కాలవలో పడ్డానని చెప్పడానికి పెద్దమనుషులకు నోరు రాదు. అందుకని అందరూ సైకిలంటారు. సైకిలుకి నంబరుండదు, దాని తరఫున అడిగేవాడూ ఉండడు. చల్లటి మాట!"

"ఎవరెవరు వాళ్ళు?" అన్నాడు భీమశంకరం.

"అమ్మో, పరువు సంగతి! పేర్లు చెప్పనండి," అని గవరయ్య గురువునీ శిష్యుణ్ణీ చెరోసారి చూసి, మళ్ళీ దూది అందుకున్నాడు.

భీమశంకరానికి చెవులు వేడెక్కాయి. పక్షం కిందట, అచ్చయిన తన ఉత్తరాన్ని నడుస్తూ రెండోసారి చదువుకుంటూ అతను పడ్డది ఆ కాలవలోనే. మోకాలి కట్టు చూపించి, "సైకిలువాడొకడు గాలిలా వచ్చి..." అని వీధివీధినా చెప్పుకున్నాడు. చెప్పినకొద్దీ సైకిలు వేగం పెరిగింది. మూడో వీధికి వచ్చేసరికి దానికి బ్రేకులు కూడా లేకుండా పోయాయి. ఆ రోజు చెయ్యిచ్చి కాలవలోంచి పైకి లాగింది సింహాద్రి. ఆ మాట సింహాద్రి ఇంతవరకు ఎక్కడా అనలేదు.

సాయంత్రం సభలో తవిటినాయుడు, "ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు. భీమశంకరం జేబులో నాలుగు పేజీల ఉపన్యాసం ఉంది. దాన్ని తియ్యకుండానే లేచి నిలబడ్డాడు.

"ఆ పదిహేడులో ఒకణ్ణి నేనండి. నన్ను ఏ సైకిలూ గుద్దలేదు. పేపరు చూసుకుంటూ కాలవలో పడ్డాను. బయటికి లాగింది ఈ సింహాద్రే."

సభ గొల్లుమంది. "సరే, పదహారు," అన్నాడు నాయుడు తడుముకోకుండా.

మిఠాయికొట్టు పాపమ్మ లేచింది. "నాదీ తీసెయ్యి నాయుడూ. నాకు అడ్డమొచ్చింది నా కుచ్చిళ్ళే."

"పదిహేను."

తర్వాత దర్జీ లేచాడు, అతని వెనక బావమరిది, ఆ వెనక మరో ఇద్దరు లేచారు. పదకొండు దగ్గర ఆగింది. "ఇంకా పదకొండున్నాయి కదా!" అని నాయుడు బల్ల గుద్దాడు.

"ముందు ఆ కాలవకి మూతెయ్యించవయ్యా, సైకిళ్ళ సంగతి తర్వాత చూద్దాం," అంది పాపమ్మ. సభంతా ఔనంది. నాయుడు గాలివాటం తెలిసినవాడు. "మొదట్నుంచీ నేననుకుంటున్నదీ అదే," అని ప్రకటించి, తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం కూడా ఉప్పు తేవచ్చని తెలిసి సింహాద్రి అక్కడే నవ్వుతూ కూలబడ్డాడు.

ఇంటిదారిలో భీమశంకరం తన నిజాయితీ గురించి పత్రికకు రాయబోయే ఉత్తరంలో మొదటి వాక్యం అప్పుడే కూర్చుకుంటున్నాడు. "అంతా బాగానే ఉంది గురువుగారూ," అన్నాడు. "మిగిలిన ఆ పదకొండుమందికీ లేవడానికి ఏమొచ్చిందంటారు?"

పంతులుగారు వీధిదీపం కింద ఆగి, పంచె మోకాలిదాకా ఎత్తి, ఇంకా మానని గాయం చూపించారు.

"పదిమంది సంగతి నాకు తెలియదు నాయనా. నలుగురిలో లేచి ఆ ఒక్క మాట అనడం నాకింకా చేతకాలేదు."