మద్దిచెట్టు మీద మగడేగ

ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పకుండా పని చెప్పడం మా గురువు విరూపాక్షయ్య గారి అలవాటు. దేవుడున్నాడా అని అడిగినవాడికి బావిలో పూడిక తీయమన్నారు. వాడు మూడు రోజులు తీసి, తిట్టుకుంటూ బస్సెక్కాడు. నల్లమల అంచులో ఉన్న ఈ చిన్న మఠంలో నేను పద్దెనిమిదేళ్ళుగా వంట చేస్తున్నాను. నా పేరు శివకోటి. ఆయన చెప్పిన పనుల్లో సగం నాకు నేటికీ అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది, అది తలచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

నాగభూషణమని ఒక శిష్యుడుండేవాడు. భార్య జ్వరంతో పోతే, ఆరేళ్ళ కూతురు నీలాంబను నంద్యాలలో అక్కగారింట దింపి, మనశ్శాంతి కోసం మా దగ్గరికి వచ్చాడు. వచ్చి ఎనిమిది నెలలు. మెత్తని మనిషి, చీమను కూడా తప్పించి అడుగేసేవాడు. ప్రతి సోమవారం సరుకుల జీపులో కూతురికి మూట పంపేవాడు. గౌన్లు, బొమ్మల పుస్తకాలు, నేను చేసిచ్చిన నువ్వుండలు, ఒకటి కాదు. తను మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఆ పిల్లను చూస్తే తల్లి ముఖమే కనబడుతుందని, తట్టుకోలేనని నాతో అన్నాడు.

ఆ ఎండాకాలం ఒక సోమవారం పొద్దున జీపులో అక్కగారి ఉత్తరం వచ్చింది. పాప మాట మానేసింది, పెట్టింది పెట్టినట్టే వదిలేస్తోంది, చిక్కి సగమైంది, నువ్వు పంపిన మూటలు విప్పకుండా మంచం కిందే ఉన్నాయి అని. భూషణం అది పట్టుకుని అయ్యగారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, బిడ్డకు నేనేం తక్కువ చేసినానని ఇట్లయింది?"

అయ్యగారు నోరు తెరిచేలోపే పెరట్లో పెద్ద చప్పుడైంది.

పెరట్లో మేము రోజూ పక్షులకు కొర్రలు చల్లుతాం. గువ్వలు వస్తాయి. వాటికోసం మద్దిచెట్టు మీది చిన్న డేగ వస్తుంది. పావురమంత పక్షి, కొమ్మల మధ్యనుంచి వచ్చిందంటే కళ్ళు మూసి తెరిచేలోగా గువ్వ ఉండదు. మఠం గడపలో హత్య జరుగుతోందని భూషణం వారం ముందు కోతుల కోసం తెచ్చిన నైలాన్ వలను కొర్రలు చల్లేచోట పందిరిలా కట్టాడు. గువ్వలు పక్కనుంచి నడిచి వస్తాయి, డేగకు దారుండదు. పుణ్యమే అనుకున్నాం అందరం. ఆ పొద్దున ఆడడేగ వచ్చిన వేగంలోనే వలలో పడింది. మేము పరిగెత్తేసరికి మెడ వాలిపోయి ఉంది.

భూషణం తెల్లబోయాడు. నేనే వల కోసి దాన్ని బయటికి తీశాను. డేగల్లో ఆడదే పెద్దది, చేతిలో ఇంకా వెచ్చగానే ఉంది. మద్దిచెట్టు మీద గూట్లో దానికి వారం నాటి పిల్లలు మూడున్నాయి.

అయ్యగారు దాన్ని చూశారు, భూషణాన్ని చూశారు. "గూడు కనిపెట్టుకో నాయనా" అన్నారు. అంతే, లోపలికి వెళ్ళిపోయారు. ఉత్తరం సంగతి ఎత్తనే లేదు. కన్నబిడ్డ గురించి అడిగితే పక్షి గూడు కాపలా కాయమనడం ఏమిటని నాకు ఒళ్ళు మండింది.

భూషణం చెట్టు కింద చాప వేసుకున్నాడు. మధ్యాహ్నానికి మగడేగ వచ్చింది. నీలిబూడిద వీపు, ఎర్రటి కళ్ళు, ఆడదానికంటే బాగా చిన్నది. ఎండుకొమ్మ మీద కూచుని, పట్టి తెచ్చిన పిచ్చుక ఈకలన్నీ శుభ్రంగా పీకి, పెళ్ళాన్ని పిలిచినట్టు రెండుసార్లు కూసింది. జవాబు రాకపోతే తనే గూట్లో పెట్టి మళ్ళీ వేటకు పోయింది. భూషణం ప్రాణం లేచివచ్చింది.

సాయంత్రం అయ్యగారు అడిగారు. "పిల్లలెట్లుండాయి?"

"తండ్రి నాలుగుసార్లు తెచ్చినాడయ్యా. పిచ్చుకలు, తొండ."

"పిల్లలెట్లుండాయని అడిగినా."

 మరునాడు కూడా అదే ప్రశ్న, అదే జవాబు. ఆరుసార్లు తెచ్చింది, కప్పను కూడా తెచ్చింది, ఎంత మంచి తండ్రో అని నాకు పొంగిపోతూ చెప్పాడు. నేనూ పొంగిపోయాను. పైనుంచి పిల్లల అరుపు పలచబడడం మా ఇద్దరికీ వినబడుతూనే ఉంది. కడుపు నిండి నిద్రపోతున్నాయని నేనే అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే.

బుధవారం పొద్దున అయ్యగారే వచ్చి చెట్టుకు నిచ్చెన వేయించారు. "ఎక్కి చూడు" అన్నారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. భూషణం గూటిదాకా వెళ్ళి ఆగిపోయాడు.  ఎంతసేపటికీ దిగకపోతే నేనూ ఎక్కి, అతని భుజం పక్కనుంచి చూశాను.

గూటి నిండా తిండి ఉంది. ఈకలు పీకిన పిచ్చుకలు, తొండలు, కప్ప, ఒకదాని మీద ఒకటి, కొన్నిటికి చీమలు పట్టాయి. ఆ తిండి మధ్యలో రెండు పిల్లలు ఆకలితో చచ్చిపడి ఉన్నాయి. ఒకటి పిచ్చుక మీదే తల పెట్టి చచ్చిపోయింది. తల్లి ఉన్నప్పుడు గోరంత ముక్కలుగా చీల్చి నోట్లో పెట్టేది, వంటింటి కిటికీలోంచి నేనే ఎన్నోసార్లు చూశాను. మగది అలా చేయగా ఎన్నడూ చూడలేదు. చూడలేదన్న సంగతి ఆ క్షణం దాకా నాకు తట్టనే లేదు. నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను. మేము చూస్తుండగానే మగడేగ వచ్చి, నోరు కూడా మూయలేక పడివున్న మూడో పిల్ల పక్కన ఇంకో తొండను పెట్టి ఎగిరిపోయింది.

భూషణం ఆ పిల్లను పైపంచెలో చుట్టి, ఆ తొండనూ తెచ్చి అయ్యగారి ముందు పెట్టాడు. 

"చీల్చి పెట్టు" అన్నారు అయ్యగారు.

భూషణం వెనక్కి జరిగాడు. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని వంశం అతనిది. "అయ్యా, రోజూ లింగాన్ని ఉంచుకుని పూజ చేసే చెయ్యి ఇది."

"ఆ చెయ్యే కావాల."

నేను చేస్తానని ముందుకొచ్చాను. అయ్యగారు నన్ను చూసిన చూపుకు ఆగిపోయాను. భూషణం కళ్ళు మూసుకుని తొండ పొట్ట చీల్చాడు. వేళ్ళకు నెత్తురంటింది, అయినా ఆపలేదు. గోరంత ముక్క తీసి ఆ పిల్ల నోట్లో పెట్టాడు. అది చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత గొంతు కదిలింది. రెండో ముక్క పెట్టాడు. నాలుగో ముక్కకు అదే మెడ చాచి అతని వేలు పట్టుకుంది.

అప్పుడు ఏడ్చాడు భూషణం. భార్య పోయినప్పుడు కూడా ఏడవలేదని వాళ్ళక్క తర్వాత చెప్పింది. "అంతా పక్కనే ఉండె కదయ్యా. మూతి ముందరే ఉండె. అంత తెచ్చినోడు, ఒక్క ముక్క నోట్లో పెట్టకపాయెనే."

అయ్యగారు చెంబుతో నీళ్ళు తెచ్చి అతని చేతుల మీద తనే పోశారు.

"దాని తప్పేం లేదు నాయనా. అది డేగ, దానికి తెచ్చేవరకే వచ్చు."