కోర్టు గుట్ట మీది అలుపులమ్మ

ఈ మండలంలో కోర్టు, తహసీల్దారు కార్యాలయం, మండల పరిషత్తు మూడూ ఏ ఊళ్లోనూ లేవు. చీకిలదిన్నెకూ రేగులపాడుకూ దూరంగా, నీడ లేని రాతిగుట్ట మీద ఉన్నాయి. బస్సు గుట్ట కిందే ఆగుతుంది. చెమటలు కక్కుతూ ఎక్కిన ప్రతివారూ ఈ చోటు ఎంచినవారిని తిట్టుకుంటారు. ఎంచినది అమ్మవారు. కోర్టు మెట్ల పక్కన, రేకుల పందిరి కింద ఉన్న నల్లరాయే అలుపులమ్మ.

పూర్వం ఇక్కడ గుడి లేదు, కచేరీ లేదు. అమ్మవారు కింద తెల్లవాగు ఒడ్డున రెండు ఊళ్ల మధ్య హద్దురాయిగా ఉండేది. అమ్మ ఎక్కడుంటే హద్దు అక్కడే. అందువల్ల చీకిలదిన్నెవారు ఒకసారి, రేగులపాడువారు ఒకసారి ఆమెను ఎత్తుకుపోయి అవతలి ఊరి పొలంలో నిలిపేవారు. పసుపు కుంకుమలకు మాత్రం లోటు చేసేవారు కాదు.

చీకిలదిన్నెలో ఓబుళమ్మ అనే ముసలామె మేకలు కాసేది. ఒకసారి రాత్రికి రాత్రే రాయి జరగడంతో, నిన్న మేపిన బీడు తెల్లవారేసరికి పరాయిదైపోయింది. రేగులపాడువారు ఆమె మేకలన్నిటినీ బందెలదొడ్డికి తోలారు. పాలు మరవని మేకపిల్లలు ఇంటి దగ్గర అరుస్తున్నాయి. రెండు ఊళ్ల పెద్దలనూ బతిమాలినా లాభం లేకపోయింది. ఓబుళమ్మ వచ్చి రాయికి ఆనుకుని కూలబడి, "నువ్వు కదలకుండా ఉంటే నాకీ గతి పట్టునా?" అని అమ్మవారినే నిలదీసింది. ఆ ఎండలోనే కునుకు పట్టింది. కలలో అమ్మ విసుగ్గా పలికింది.

"నేనేమన్నా కాళ్లతో నడిచిపోతిన్యా? ఇన్నాళ్లూ విడివిడిగా మోసినారు. ఈసారి రెండూళ్లోళ్లూ కలిసి మొయ్యమను. అలిసినచోట దించమను. ఆడే కూచుంటా, మళ్లీ కదల్ను."

కల విని ఇరువైపులా సంతోషించారు. ఎదుటివారే ముందు అలుస్తారని, రాయి తాము కోరినచోటే దిగుతుందని ఎవరి నమ్మకం వారిది. రాయిని మోకులతో కట్టి, పొడవాటి దుంగకు వేలాడదీసి ఎత్తారు. ఒకరు తూర్పుకు లాగితే ఒకరు పడమటికి లాగారు. చివరికి ఎవరి పొలమూ లేని గుట్టవైపు నడవక తప్పలేదు. నీళ్లకడవతో ఓబుళమ్మ వెనకే నడిచింది.

"ఏం మామా, మోకాళ్లు వణుకుతుండాయే?" అన్నాడు చీకిలదిన్నె పెద్ద బసప్ప.

"వణికేది నా మోకాళ్లు కాదు అల్లుడా, నీ చూపు," అన్నాడు రేగులపాడు పెద్ద నాగిరెడ్డి.

ఏడిపించుకుంటూనే గుట్ట ఎక్కారు. భుజాలు చీరుకుపోయినా దించమనే మాట ఎవరి నోటా రాలేదు. చివరికి ఓబుళమ్మే కడవ దించింది.

"నేను అలిసిపోతి నాయనా. సిగ్గేముంది? దించండి."

ఆ మాట పూర్తి కాకముందే రాయి నేలను తాకింది. ముసలామె అలిసింది కాబట్టి దించామని ఇరువైపులా ఒకే మాట చెప్పారు. ఒకే కడవలోని నీళ్లు తాగారు. ఊపిరి అందాక నాగిరెడ్డి, "ముందు ఆయమ్మ మేకల్ని వదలండ్రా," అన్నాడు. బీడులో మేతకు ఇకపై హద్దు లేదన్న మాట కూడా అక్కడే అనుకున్నారు. ఆనాటి నుంచి చుట్టుపక్కల తగవులన్నీ గుట్టకెక్కాయి. తరువాత కచేరీ పెట్టదలచిన ప్రభుత్వం, జనం ఎలాగూ ఇక్కడే ఉన్నారని ఇక్కడే పెట్టింది.

నేటికీ వాయిదాకు వచ్చిన వాది, ప్రతివాది లోపలికి వెళ్లే ముందు అమ్మ ముందున్న గుండ్రాయిని చెరోవైపు పట్టి ఎత్తి, కోర్టు చుట్టూ నడుస్తారు. "అలిసిపోతి, దించు" అని ముందుగా అన్నవారికి పూజారి అమ్మ కడవలోని నీళ్లు మొదట ఇస్తాడు. మేకలు కోర్టు వరండాలో పడుకున్నా బంట్రోతు అదిలించడు.

గెలుపు కోరి మొక్కేవారికి అలుపులమ్మ ఏమీ ఇవ్వదు. అది లోపల జడ్జిగారి పని. అలసటను ఒప్పుకున్నవారికి మాత్రం ఆమె చల్లని నీళ్లిస్తుంది, నిద్ర ఇస్తుంది. నీళ్లు తాగినవారిలో కొందరు మెట్లెక్కకుండానే గుట్ట దిగి, ఒకే బస్సులో, ఒకే సీటులో ఊరికి వెళ్లిపోతుంటారు.