దొరకి తలొంచని దీపం

కొండ నెత్తిన కోట కట్టుకున్న ఒకానొక రాజ్యం ఉండేదంట. దాన్నేలే రాజు రణభూపతి. మనిషి మంచోడే, మనసు వెన్నే, కానీ బిరుదుల పిచ్చి. కింద వాకిట్లో పల్లకీ దిగి పైనున్న కొలువుకి మెట్లెక్కేటప్పుడు బిరుదులు చదివేవాళ్ళు ముందు నడవాల. ఆ చదవడం అయిపోయేలోగా రాజు పైమెట్టు మీద కాలు పెట్టాల. అదీ ఆ కోట ఆచారం.

వయసులో ఉన్నన్నాళ్ళూ పరుగులాంటి నడకతో ఎక్కేవాడు. రాన్రాను సగం మెట్లకే రొప్పు మొదలైంది. కాళ్ళకి నీరొచ్చి కడియాలు బిగుసుకుపోయినయ్. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని ఆనుకునే కునుకు తీసేవాడు, పాపం. అయినా ఒప్పుకుంటాడా? మెట్లు సరిగ్గా చెక్కలేదనేవాడు. విసనకర్రలు పట్టుకునేవాళ్ళు తిండి తినడం లేదా అనేవాడు.

రాణిగారు పోరగా పోరగా రాజు ఓబులాచారి అనే వైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన నాడి చూసి, గుండెకి సత్తువ తగ్గింది దొరా, అందుకే ఈ నీరు, ఈ రొప్పు అని మందిచ్చాడు. ఉప్పు తగ్గించమన్నాడు. రొప్పు వచ్చినప్పుడు కంగారుపడి గాలి మింగొద్దు, పువ్వు వాసన చూసినట్టు ముక్కుతో పీల్చి, మూతి సున్నాలా చుట్టి నిదానంగా వదలమన్నాడు. పీల్చినదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలన్నాడు. మెట్టు మీద కాలు మోపేటప్పుడు గాలి వదులుతా ఎక్కమన్నాడు.

రాజుకి ఒళ్ళు మండింది. "నేను మూతి చుట్టాలా? గొడ్లు కాసేవాడు ఈల వేసినట్టు?"

వైద్యుణ్ణి ఊరికి పంపేశాడు. మందు అవతల పెట్టించాడు. పైగా, ఇకమీదట కొలువులో రాజుగారి ఆయాసం మాట ఎవరెత్తినా పొలిమేర దాటి పోవాల్సిందేనని చాటింపు వేయించాడు.

ఆ కొలువులో బుచ్చన్న అని ఒకడుండేవాడు. మాటలతో రాజుని నవ్వించడమే అతని పని. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే వాగులో మునకలేసినవాళ్ళు. రాజు గోడ మీద బొమ్మలు తడుముతున్నట్టు నటిస్తా, గోడ పట్టుకుని మెట్లెక్కడం అందరూ చూసేవాళ్ళు. ఆ పట్టు రోజురోజుకీ బిగుస్తా ఉండడం మాత్రం బుచ్చన్నకే కనపడేది. నోరు తెరిస్తే తను పొలిమేర దాటాలి. తెరవకపోతే మనిషే దక్కడు.

ఒకరోజు కొలువులో బుచ్చన్న మొహం వేలాడేసుకుని, సింహాసనం పక్కన దీపపు సెమ్మె వంక గుడ్లప్పగించి నిలబడ్డాడు. రాజు ఏందిరా అని అడిగాడు. చెప్పడానికి నోరు రావడం లేదన్నాడు. రాజు గద్దించాక మెల్లిగా బయటపెట్టాడు.

"ఈ కోటలో అందరూ మీకు తలొంచుతారు దొరా. ఈ దీపం ఒక్కటే నిటారుగా నిలబడి చూస్తా ఉంది."

రాజు మీసం దువ్వి, లేచెళ్ళి ఉఫ్ మని ఊదాడు. దీపం ఆరిపోయింది.

"ఇది తలొంచడం కాదు దొరా, చావడం. చంపడానికి మీరెందుకు, కిటికీ గాలి చాలు."

మళ్ళీ వెలిగించారు. మళ్ళీ ఆరింది. రాజుకి పంతం పెరిగింది, దాంతోపాటు రొప్పూ పెరిగింది. అప్పుడు బుచ్చన్న గొంతు తగ్గించి, కోపంగా ఊదితే పనికిరాదు, మనవరాలి పాలు చల్లార్చేటప్పుడు ఎట్లా ఊదుతారో అట్లా ఊదండి అన్నాడు. ముందు భుజాలు దించి, ముక్కుతో నెమ్మదిగా పీల్చుకోమన్నాడు. మనవరాలి పేరెత్తేసరికి రాజు మొహం మెత్తబడింది. మూతి సున్నాలా చుట్టుకుంది. దీపం వంగింది, ఊదినంతసేపూ వంగి అట్లానే ఉండిపోయింది.

రాజు మురిసిపోయి ఇంకోసారి వంచాడు. అప్పట్నించి పొద్దున లేస్తే అదే పని, అన్నానికి ముందు అదే పని. అటు వంట సాలలో బుచ్చన్న పోరు మీద ఉప్పు కూడా కాస్త తగ్గింది. ఆ సంగతి రాజుకి తెలీదు.

కొన్నాళ్ళకి బుచ్చన్న ఇంకో మెలిక పెట్టాడు. మెట్ల మీద కూడా తలొంచితేనే దీపం పూర్తిగా లొంగినట్టు అన్నాడు. తనే దీపం పట్టుకుని రాజు ముందు వెనక్కి నడుస్తా ఎక్కాడు. దీపం వంగినప్పుడే బిరుదు చదవాలని, తొందరపడి చదివితే నాలుక కోయిస్తానని చదివేవాళ్ళకి రాజు చేతే చెప్పించాడు. ఇంక వాళ్ళు రాజు ఊపిరి వెనకాలే నడిచారు. పీల్చుకోవడం, వదులుతా మెట్టెక్కడం, ఒక బిరుదు.

సగం మెట్లకి వచ్చేసరికి బుచ్చన్న దీపం కింద పెట్టి రొమ్ము పట్టుకున్నాడు.

"ఆయాసం దొరా. కూర్చోవాలి."

అందరి గుండెలూ ఝల్లుమన్నయ్. భటులు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. బుచ్చన్న వాళ్ళని తోసెయ్యలేదు.

"చాటింపు సరిగ్గా విన్లేదా నాయనా? రాజుగారి ఆయాసం మాట ఎత్తకూడదన్నారు. ఇది నాది."

భటులు రాజు వంక చూశారు. బుచ్చన్నని వదలమని రాజు వాళ్ళకి చెప్పాడు. కానీ రాజు నిలబడి ఉండగా ఎవరూ కూర్చోకూడదని ఆ కోటలో ఇంకో ఆచారం. బుచ్చన్న చేతులు జోడించి, మీరు కూర్చుంటేగానీ నేను కూర్చోలేను, నా ప్రాణం మీ చేతుల్లో ఉందన్నాడు. చేసేదేముంది, రాజు మెట్టు మీద కూలబడ్డాడు. బుచ్చన్న పక్కనే చేరి, ముందుకి వంగి మోచేతులు మోకాళ్ళ మీద ఆనించాడు. రాజూ అట్లానే వంగాడు. మూతి దానంతటదే చుట్టుకుంది. గుండెల మీద బరువు దించినట్టయింది.

కాసేపటికి రాజు తల తిప్పి చూశాడు.

"ఒరే, ఆ ఓబులాచారి చెప్పింది ఇదే కదరా."

"ఆయన మూతి చుట్టమన్నాడు దొరా. నేను దీపాన్ని లొంగదీయమన్నాను. లొంగదీసింది మీరు."

రాజుకి నవ్వొచ్చింది. మెట్ల గోడలు మారుమోగేట్టు నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొస్తే ముక్కుతో పీల్చుకుని తనే సర్దుకున్నాడు. చేతి కంకణం తీసి బుచ్చన్న చేతిలో పెట్టాడు. బుచ్చన్న దాన్ని కళ్ళకద్దుకుని తిరిగిచ్చాడు. దీపం మందు నూరలేదు దొరా, నూరే ఆయన్ని పిలిపించండి, ఆ మందు మానకండి, నాకదే బహుమానం అన్నాడు. రాజు అప్పటికప్పుడు వైద్యుడి కోసం పల్లకీ పంపించి, కంకణం మళ్ళీ బుచ్చన్న చేతికే తొడిగాడు.

తర్వాత లేవబోతా అడిగాడంట.

"నీ ఆయాసం తగ్గిందా బుచ్చన్నా?"

"ఇంకా లేదు దొరా. ఇంకాస్తసేపు కూర్చోండి."

వాడికి ఆయాసమే లేదని రాజుకి తెలుసు. అయినా వాడి భుజం మీద చెయ్యేసి, ఇంకాస్తసేపు కూర్చున్నాడు.