శాస్త్రులుగారు చూడనిది

అనగా అనగా, గోదారి రెండు పాయలుగా చీలే చోట ఒక లంక ఉండేదమ్మా. ఆ లంకలో యజ్ఞన్న శాస్త్రులుగారని ఒకాయన ఉండేవారు. దీపాలు పెట్టే వేళకి రామకోవెల అరుగు మీద కూర్చుని, తాటాకుల గ్రంథం విప్పి, శాస్త్రం చదివి అర్థం చెప్పేవారు. నలభై ఏళ్ళుగా ఆయనకి అదే పని. పడవలు నడిపేవాళ్ళు, పొగాకు చేలల్లో పని చేసేవాళ్ళు, అందరూ కాళ్ళు కడుక్కుని వచ్చి వినేవాళ్ళు.

ఆ గ్రంథంలో ఒక మాట ఉంది. ప్రాణం పోయినా పోనిది ఒకటి ఉందట. అది అందరిలోనూ ఉందట. వెతికినవాళ్ళకి కనపడుతుందట. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి శాస్త్రులుగారు గొంతు పెంచేవారు. వినేవాళ్ళు చేతులు జోడించేవాళ్ళు. ఆ తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

ఒక ఏడు ఏమైందంటే, తుంగచాపలు అల్లే నూకాలుకి కూతురు పోయింది. చిట్టి దాని పేరు. ఏడేళ్ళ పిల్ల. మూడు రోజులు జ్వరంతో పడుకుంది, నాలుగో రోజు లేవలేదు. అప్పటినుంచి నూకాలు ఎవరితోనూ మాట్లాడేది కాదు. చాప అల్లుతూ అల్లుతూ ఆగి, గుమ్మం వైపు చూసేది. మళ్ళీ అల్లేది.

ఒక సాయంత్రం ఆమె కూడా వచ్చి, అరుగు కింద కూర్చుంది. శాస్త్రులుగారు ఆ మాట చదివారు. అప్పుడు నూకాలు లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆ పోనిదాన్ని మీరు చూశారా?"

అందరూ అటు తిరిగారు. ఒక ముసలాయన, "కూర్చో నూకాలూ. శాస్త్రాన్ని అలా అడక్కూడదు" అన్నాడు.

"శాస్త్రాన్ని అడగట్లేదు బాబాయ్. అయ్యగారిని అడుగుతున్నాను. ఆయన చూశానంటే మా చిట్టి ఎక్కడో ఉందని నమ్ముతాను."

శాస్త్రులుగారు గ్రంథం ఒళ్ళో పెట్టుకున్నారు. మెల్లిగా అన్నారు, "లేదమ్మా. చూడలేదు."

నూకాలు తలూపింది. కోపం లేదు, ఏమీ లేదు. చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

అప్పటినుంచి శాస్త్రులుగారికి అన్నం సయించలేదు. గ్రంథం విప్పితే అక్షరాలే కనపడుతున్నాయి, వాటి వెనకాల ఏమీ లేనట్టుంది. 'ఎవరూ చూడకుండానే ఒకరి నోటినుంచి ఒకరం అందుకుని చెబుతున్నామా?' అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు భయం వేసి లెంపలు వేసుకున్నారు. అయినా అది పోలేదు.

అప్పుడు ఆయన భార్య కనకవల్లమ్మతో చెప్పారు. "చూసినవాడు ఒక్కడు దొరికితే చాలు. వెళ్ళి అడిగొస్తాను."

ఆవిడ అటుకులు మూట కడుతూ అడిగింది. "నూకాలు కోసమా, మీ కోసమా?"

"మొన్నటిదాకా నూకాలు కోసమే అనుకున్నాను" అన్నారు శాస్త్రులుగారు.

ఊఁ కొడుతున్నావా? సరే, విను.

పడవెక్కి, గట్టు దాటి, మొదట ఒక పెద్ద పండితుడి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఇంటి నిండా గ్రంథాలే. శాస్త్రులుగారి ప్రశ్న వినగానే ఆయనకి హుషారు వచ్చింది. మూడు రోజులు వాదించాడు. ఇటు నుంచి చెప్పాడు, అటు నుంచి చెప్పాడు, ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. మూడో రోజు శాస్త్రులుగారు, "అంతా బాగుందండీ. తమరు చూశారా?" అన్నారు. పండితుడు విసుక్కున్నాడు. "ఇంత చెప్పాక కూడా చూడాలంటావేమిటయ్యా?" అన్నాడు. శాస్త్రులుగారు దణ్ణం పెట్టి లేచారు.

ఆ తర్వాత కొండల్లో ఒక స్వామి దగ్గరికి వెళ్ళారు. ఆ స్వామి అడగ్గానే "చూశాను" అన్నాడు. శాస్త్రులుగారికి ప్రాణం లేచొచ్చింది. కాళ్ళ మీద పడి, నెల రోజులు అక్కడే ఉండి నీళ్ళు మోశారు, కట్టెలు కొట్టారు. ఒకనాడు అటుగా వచ్చిన భక్తులు పక్క కొండ మీది స్వామికి శాలువా కప్పి, ఈయనకి అరటిపళ్ళు ఇచ్చి వెళ్ళారు. అప్పుడు ఆ స్వామి ఆ పళ్ళని లోయలోకి విసిరేశాడు. ఆ పూటంతా గొణుగుతూనే ఉన్నాడు. శాస్త్రులుగారు చూసి చూసి, మర్నాడు పొద్దున్నే మూట భుజాన వేసుకున్నారు. ఆయనకి కోపం రాలేదమ్మా. ఏడుపొచ్చింది. నిజమైతే ఎంత బాగుండేదో అనుకున్నారు.

మూడోసారి ఎక్కడికెళ్ళాలో తెలీలేదు. తెలీక, చిన్నప్పుడు తను చదువుకున్న ఊరికే వెళ్ళారు. ఆయన గురువుగారు పోయి ఏళ్ళైంది. గురువుగారి భార్య మాత్రం ఉంది. తొంభై ఏళ్ళావిడ, చూపు ఆనదు. గొంతు విని గుర్తుపట్టింది.

"యజ్ఞన్నా, నువ్వా? బాగా చిక్కిపోయావురా. గొంతులోనే తెలుస్తోంది."

ఆవిడ మజ్జిగన్నం కలిపి పెట్టింది. తిన్నాక శాస్త్రులుగారు ఆ మాట అడిగారు. "అమ్మా, గురువుగారు దాన్ని చూశారా?"

ఆవిడ తడిమి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నేనూ అడిగాను నాయనా, ఒకసారి. రోజూ తెల్లారగట్ల ఆయన ఆ మాట చదివేవారు. చదివినప్పుడల్లా కళ్ళ వెంట నీళ్ళు కారేవి. మీకు కనపడిందా అంటే, ఇంకా లేదే అన్నారు. మరి నమ్మకం ఎలా అన్నాను. ఇది చెప్పినవాడెవరో నన్ను మోసం చెయ్యడానికి చెప్పలేదు, వాడు వెళ్ళిన చోటికి నేనింకా వెళ్ళలేదంతే అన్నారు."

"మరి చూడకుండానే పోయారా?"

"ఆఖరి రోజున ఏం చూశారో నాకెలా తెలుస్తుంది? చెప్పే వ్యవధి లేకపోయింది. ప్రాణం పోయాక కూడా ఆయన చెయ్యి వెచ్చగా ఉంది, చాలాసేపు."

శాస్త్రులుగారు తల వంచుకుని కూర్చున్నారు. గురువుగారు ఏడుస్తూ చదివిన మాటని తాను నలభై ఏళ్ళు గొంతు పెంచి చదివారు. ఒక్కనాడూ కన్ను చెమర్చలేదు. అడగాలనీ తోచలేదు. చూడాలనీ తోచలేదు. చాపలు అల్లుకునే నూకాలుకి తోచింది. ఇప్పుడు ఆయనకీ చూడాలని ఉంది. ఆకలిలాగా ఉంది, పొట్టలో కాదు, ఇంకా లోపల.

ఆ తర్వాత లంకకి వచ్చేశారు. ఇంటికైనా వెళ్ళకుండా, రేవు నుంచి నేరుగా నూకాలు గుమ్మం ముందుకి వెళ్ళి నిలబడ్డారు. ఆమె కంగారుగా లేచింది.

"అమ్మా నూకాలూ, చూసినవాళ్ళు నాకు దొరకలేదు. మా గురువుగారు కూడా చూశానని చెప్పలేదు."

"మరి మా చిట్టి?"

"తెలీదమ్మా. పోదని రాసుంది. రాసినవాళ్ళు ఎరిగి రాశారని నా నమ్మకం. నాకు మటుకు తెలీదు. తెలుసుకోవాలని ఉంది. ఇన్నాళ్ళూ తెలిసినట్టు చదివాను, నన్ను మన్నించు."

నూకాలు చేతిలో ఉన్న తుంగపోచలు కింద పెట్టింది. చిట్టి పోయాక మొదటిసారి ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిచినంతసేపూ శాస్త్రులుగారు అక్కడే ఎండలో నిలబడ్డారు.

కళ్ళు తుడుచుకుని నూకాలు అంది, "తెలుసన్నప్పుడు వినలేకపోయాను అయ్యగారూ. తెలీదన్నారుగా. ఇప్పుడు వింటాను."

ఆ సాయంత్రం అరుగు దగ్గరికి అందరూ వచ్చారు. శాస్త్రులుగారు గ్రంథం విప్పారు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పెరగలేదు, వణికింది. చదవలేక ఆగిపోయారు. అరుగు కింద నుంచి నూకాలు మెల్లిగా అంది, "చదవండి అయ్యగారూ. నేనున్నాను."

అప్పుడు ఆయన చదివారు.

వాళ్ళకి కనపడిందా అంటావా? ఏమోనమ్మా, మీ అమ్మమ్మకి తెలీదు. నాకూ చూడాలనే ఉంది. మీ తాతయ్య పోయినప్పటినుంచీ ఉంది. ఇలా దగ్గరికి జరుగు. కళ్ళు మూసుకో.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మన తలుపు తట్టింది.