చెరసాల మేత

రండర్రా, రండి. గుమ్మం దగ్గరే నిలబడిపోతే కథ సగమే చెవిన పడుతుంది. లోపలికొచ్చి చాప మీద కూర్చోండి. ఆ మూలనున్న పెద్దవాళ్ళు కాస్త జరిగి చిన్నవాళ్ళకు చోటివ్వండి. కాళ్ళు ముడుచుకున్నారా? సరే, ఇక వినండి.

ఒకానొక రాజ్యంలో, ఎర్రమెట్ట అని దాని పేరు, ధవళరాయుడనే రాజు ఉండేవాడు. మనసు మంచిదే. కాకపోతే తనదైన ప్రతి వస్తువూ లోకంలోకెల్లా గొప్పదని ఆయన నమ్మకం. ఆయన తోటలో కాసిన దోసకాయ చేదుగా ఉంటే, "ఆహా, ఇంత కమ్మని చేదు మరెక్కడా లేదు" అంటూ మింగాలి. ఆయన గుర్రం కుంటితే ఆ కుంటడంలో చూసేవాళ్ళకు ఠీవి కనిపించాలి.

కోట వెనకాల ఆయనకో పెద్ద బీడుండేది. వానలు పడితే గడ్డి మోకాలెత్తున లేచేది. రాజుగారు దానికి 'ధవళ నందనం' అని పేరు పెట్టుకున్నాడు. కోట పనులకు రాళ్ళ బళ్ళు లాగే ఎద్దులన్నీ అందులోనే మేసేవి.

ఒక సాయంత్రం రాజుగారు నందనం చూడబోయాడు. అప్పుడే మేతనుంచి తిరిగొచ్చిన ఎద్దుల ముందు కాపరులు తవుడూ తెలగపిండీ కలిపి పెడుతున్నారు. తెలగపిండి తెలుసుగా? గానుగలో నువ్వులాడి నూనె తీశాక మిగిలే పిండి.

"ఏమిటది?" అన్నాడు రాజు.

"దాణా, దొరా" అంది సంగమ్మ. కాపరుల వాడకంతటికీ పెద్ద ఆవిడ.

"పొద్దుటినుంచీ నా నందనంలో మేశాయి కదా. మళ్ళీ దాణా ఎందుకు? నా గడ్డి చాల్లేదనా?"

"అయ్యో, అట్లా అని కాదు దొరా..."

"కాక మరేమిటి!" అని అందుకున్నాడు పెద్దయామాత్యుడు. ఆయన మంత్రి. రాజుకు కోపం వచ్చేలోపే తనకు కోపం తెచ్చుకోవడం ఆయన ఉద్యోగం. "ప్రభువుల గడ్డి తిని, పైన తవుడు తినడమా? ఇది గడ్డికి జరిగిన పరాభవం!"

అంతే, ఆ పూటతో దాణా బందు.

వానలున్నన్నాళ్ళూ ఏ గొడవా రాలేదు. పచ్చిగడ్డిలో సారం ఉంటుంది కదా. పుష్యమాసం వచ్చేసరికి గడ్డి నిలువునా ఎండి పసుపురంగుకు తిరిగింది. మేడ మీంచి చూసిన రాజుగారు, "బంగారం పండిందర్రా నా నందనంలో!" అని మురిసిపోయాడు. ఎద్దుల సంగతి వేరు. ఆ బంగారాన్ని నమిలి నమిలి వాటి దవడలు పడిపోతున్నాయి. కాసేపు మేసి, విసుగొచ్చి, మోకాలెత్తు గడ్డిలోనే నిలబడి దిక్కులు చూసేవి. వీపులు దూలాల్లా తేలాయి.

అలాంటప్పుడు పొరుగు రాజ్యంనుంచి ఒక దూత వచ్చాడు. రాజుగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని నందనానికి తీసుకెళ్ళాడు. దూత ఎద్దుల్ని తేరిపార చూసి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నాడు:

"మహారాజా, మా దేశంలో ఎద్దులకు ఎముకలు లోపలెక్కడో ఉంటాయి. ఇలా బయటికి పెంచడం తమ దగ్గరే చూస్తున్నాను. ఎన్నున్నాయో లెక్కపెట్టుకోవడానికి ఎంత వీలో!"

రాజుగారి మొహం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మర్నాడు సభ. సంగమ్మను పిలిపించారు. వెంట చుక్కడనే ఎద్దు కూడా వచ్చింది. నుదుట తెల్లచుక్క ఉన్న ఎద్దు అది. ఒకప్పుడు కోట రాళ్ళు ఒంటరిగా లాగినవాడు. ఇప్పుడు సభామండపం మెట్లెక్కడానికే రొప్పుతున్నాడు.

"నా పరువు తీశారు!" అని గర్జించాడు రాజు. "మోకాలెత్తు గడ్డి మధ్య ఎద్దులు ఎలా చిక్కాయి? తప్పు గడ్డిదైనా కావాలి, కాపరిదైనా కావాలి. గడ్డి నాది. నా గడ్డిలో తప్పుండదు. అంటే..."

"కాపరులదే!" అన్నాడు పెద్దయామాత్యుడు. "వాడ మొత్తాన్నీ ఊరు దాటించాలి ప్రభూ. పిల్లాజెల్లాతో సహా."

సంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

సింహాసనం వెనకాల నిలబడి ఇదంతా చూస్తున్నాడు బయ్యన. రాజుగారికి అడపం పట్టేది అతనే. అడపం అంటే తమలపాకులూ వక్కలూ పెట్టుకునే సంచి. చూడ్డానికి చిన్న ఉద్యోగమే కాని, రాజు చెవికి జానెడు దూరంలో ఉండే ఉద్యోగం. గడ్డిదే తప్పంటే తన తల పోతుంది. ఊరుకుంటే ఒక వాడంతా వీధిన పడుతుంది. బయ్యన ఒక ఆకుకు నెమ్మదిగా సున్నం రాస్తూ ఆలోచించాడు. మడిచి రాజుగారి చేతిలో పెడుతూ దగ్గాడు.

"ఏమిట్రా ఆ దగ్గు? ఏదో చెప్పాలనేగా?"

"ఏంలేదు ప్రభూ. అసలు ముద్దాయిని ఎవరూ అడగలేదే అని."

"ఎవడు వాడు?"

"గడ్డి తమరిది. అది మేలిమి బంగారం. సంగమ్మ పని తోలుకెళ్ళడం, తోలుకెళ్ళింది. తినాల్సిందెవరు? తిని ఒళ్ళు చెయ్యాల్సిందెవరు? ఈ చుక్కడు! తమ బంగారం తిని, తమ ఎదుటే ఎముకలు చూపిస్తున్నాడంటే, ప్రభూ, వీడి ధైర్యం ఎంతటిదో చూడండి."

రాజు ఆకు నములుతూ ఆగిపోయాడు. తన గడ్డికి మచ్చ రాని దారి ఇప్పటికి దొరికింది.

"నిజమే సుమా! ఓరీ చుక్కా, ఎందుకురా చిక్కావు? చెప్పు!"

చుక్కడు ఒక నిట్టూర్పు విడిచి, మెడ చాచి, మండపం స్తంభానికి కట్టిన మామిడాకుల తోరణం పట్టి లాగి, నిండుసభలో నమలడం మొదలుపెట్టాడు.

"సభాధిక్కారం!" అని కేకపెట్టాడు పెద్దయామాత్యుడు.

"ఉగాది దాకా వీణ్ణి చెరలో వెయ్యండి" అన్నాడు రాజు. "తినడానికి నా నందనం గడ్డే వెయ్యండి. దాని విలువ తెలిసిరావాలి వీడికి!"

"ఎంత చక్కని తీర్పు!" అని చేతులు జోడించాడు బయ్యన. తర్వాత మంత్రివైపు తిరిగి, అమాయకంగా మొహం పెట్టాడు. "అయితే అమాత్యులవారూ, చిన్న సందేహం. చెరలో ఖైదీలకు తమరు ఏర్పాటు చేసిన తిండి ఒకటుంది కదా. ఎద్దు కనక, దీనికి మినహాయిద్దామా?"

పెద్దయామాత్యుడి ఛాతీ ఉబ్బింది. చెరసాల తిండి ఆయన సొంత కల్పన. పొద్దున ఉడికించిన ఉలవలు, మధ్యాహ్నం తవుడు రొట్టె, సాయంత్రం తెలగపిండి ముద్ద, నంజుకోను ఒక ఉప్పుకల్లు. ఒకసారి తిన్నవాడు మళ్ళీ దొంగతనం జోలికి పోడని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు.

"మినహాయింపా? నా నిబంధనకా? ఖైదీ అన్నాక ఖైదీయే. రెండు కాళ్ళున్నా నాలుగు కాళ్ళున్నా అదే తిండి!"

"చిత్తం. కానీ అందులో తవుడూ తెలగపిండీ ఉన్నాయి. దాణా కూడదని ప్రభువుల ఆజ్ఞ..."

"తెలివితక్కువవాడా! ముద్దు చేస్తూ పెడితే దాణా. మూతి బిగించి పెడితే శిక్ష. ఆ రెండూ ఒకటెలా అవుతాయి?"

"బాగా చెప్పావు మంత్రీ!" అన్నాడు రాజు. "కానివ్వండి. ఒరే బయ్యా, ఉగాదికి వీడు దారికి రాకపోయాడో, సంగమ్మ వాడ ఊరు దాటాల్సిందే. నీ సలహా కనక నువ్వూ వాళ్ళ వెంట నడుస్తావు."

బయ్యన చేతిలోంచి ఒక వక్క జారి కింద పడింది. ఎవరూ చూడకుండా దాన్ని కాలితో కప్పేసుకున్నాడు.

సభ చాలించాక మెట్ల కింద సంగమ్మ అతని దారికి అడ్డంగా నిలబడింది. "ఏం బాబూ, నా బిడ్డలాంటివాణ్ణి జైల్లో తోయించావు, ఇది న్యాయమా?"

"అమ్మా, వాణ్ణి తోయించింది తవుడు దగ్గరికి. నువ్వు రోజూ నందనం గడ్డి కోసుకొచ్చి వెయ్యి. మిగతాది మంత్రిగారి నిబంధన చూసుకుంటుంది."

ఆవిడ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, కొంగుచాటున నవ్వుకుంది.

ఇక చెరలో తమాషా చూడండి. తోటి ఖైదీలు తెలగపిండి ముద్ద చూస్తేనే మొహం చిట్లించేవాళ్ళు. చుక్కడు తన ముద్ద తిని, పళ్ళెం నాకి, పక్కవాడి పళ్ళెం వంక చూసేవాడు. "తీసుకో నాయనా, నువ్వన్నా సుఖపడు" అని వాళ్ళు తమ వంతు కూడా పెట్టబోతే సంగమ్మ కోప్పడేది. "దాని వంతు దానికి చాలు. ఎక్కువైతే కడుపుబ్బి చస్తుంది. అది పొట్ట నింపడానిక్కాదు, గడ్డి అరగడానికి!"

ఆవిడ మాటే నిజమైంది. మొదట్లో సగం మోపు గడ్డి కూడా ముట్టనివాడు, పోనుపోను మోపు ఖాళీ చేసి ఇంకా కావాలని అరిచేవాడు. చెరసాల అధికారి లబోదిబోమన్నాడు: "ఈ ముద్దాయి నిద్రపోనివ్వడం లేదు బాబో! అదే ఎండుగడ్డి, పాయసంలా తింటున్నాడు!"

ఉగాదినాడు రాజుగారు పరివారంతో చెరసాలకు వచ్చాడు. సంగమ్మ వాడవాళ్ళు మూటలు కట్టుకుని బయట నిలబడ్డారు. బయ్యన రాజు వెనకాలే నడిచాడు. ఎద్దు బలిసిందని అతనికి తెలుసు. రాజుకు ఏమనిపిస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు.

తలుపు తీశారు. లోపల చుక్కడు! ఒళ్ళు నూనె రాసినట్టు మెరుస్తోంది. ఎముక అన్నది ఎక్కడుందో వెతుక్కోవాలి.

"చూశారా!" అని రాజు తొడ చరిచాడు. "శిక్షంటే ఇదీ! బుద్ధి వచ్చింది వీడికి. మంత్రీ, మిగతా ఎద్దులన్నిటినీ కూడా ఇవాళే చెరలో వేయించు!"

"తక్షణం!" అన్నాడు మంత్రి.

"దివ్యమైన ఆలోచన ప్రభూ" అన్నాడు బయ్యన, ఆకు మడుస్తూ. "ఒక్కటే భయం. ఆ పొరుగు దూత మళ్ళీ వస్తాడు. నందనంలో చిక్కి చెరలో బలిసే ఎద్దులు ఎర్రమెట్టలోనే ఉన్నాయని ఊరూరా చాటడూ?"

రాజు నవ్వు ఆగిపోయింది.

"పోనీ, ఇక్కడ వీడు తిన్న గడ్డేది?"

"నందనానిదే ప్రభూ. అక్కడ ఎండిందే ఇక్కడా తిన్నాడు."

"మరి అక్కడ లేనిది ఇక్కడేముంది?" అంటూ రాజు వంగి ఎద్దు ముందున్న పళ్ళెంలోకి చూశాడు. చూసి మెల్లగా నడుం ఎత్తాడు. "ఇది దాణా కదూ?"

"కాదు ప్రభూ, శిక్ష!" అన్నాడు పెద్దయామాత్యుడు నీరసంగా.

"దాణాయే!" రాజు మొహం ఎర్రబడింది. "అంటే నన్ను వెర్రివాణ్ణి చేశారు. దాణా లేనిదే నా గడ్డి పనికిరాదని నా కళ్ళముందే రుజువు చేశారు. బయ్యా! నా గడ్డిని ఇంత అవమానిస్తావా?"

బయట సంగమ్మ మనవరాలు ఏడుపు అందుకుంది. ఎవరో నోరు మూశారు. బయ్యన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ప్రభూ, ఒక్క మాట అడిగాక తల తీయించండి. తమరి బియ్యం ఎటువంటివి?"

"నా బియ్యమా? మల్లెమొగ్గలు! అలాంటివి భూమ్మీద లేవు."

"మరి తమరు రోజూ ఆ అన్నంలో పచ్చడి కలుపుకుంటారు. ఆ బియ్యాన్ని అవమానించడానికా?"

బయ్యన ఆగకుండా మళ్ళీ అడిగాడు.

"ఉత్త అన్నం ఎన్ని ముద్దలు దిగుతుంది ప్రభూ?"

"ఒకటి... రెండు, మహా అయితే."

"పచ్చడి ఉంటేనో?"

రాజు తన పొట్ట వంక ఒకసారి చూసుకున్నాడు. అది సమాధానం చెబుతూనే ఉంది.

"చుక్కడూ అంతే ప్రభూ. పిడికెడు తెలగపిండి తిని, మోపుకు మోపు తమరి గడ్డి తిన్నాడు. ఇప్పుడు చెప్పండి, తమరి గడ్డికి మర్యాద చేసిందెవరు? ముట్టకుండా వదిలేసిన ఆ ఎద్దులా, మిగల్చకుండా తిన్న ఈ ముద్దాయా?"

చుక్కడు గడ్డి నమిలే కరకర ఒక్కటే వినబడుతోంది. అంతలో రాజుగారి పొట్ట కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత చెరసాల గోడలదిరేలా నవ్వాడు. నవ్వి నవ్వి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క చుక్కడి మూపురం పట్టుకున్నాడు.

"లేరా బయ్యా, లే! సంగమ్మను మూటలు విప్పమనండి. ఎండాకాలం వెళ్ళేదాకా నందనంలో ప్రతి ఎద్దుకూ పచ్చడి పడాల్సిందే!" అంటూ తన చేతి కంకణం తీసి బయ్యన చేతికి తొడిగాడు. "ఇంకేమన్నా కావాలా?"

"తమ దయ. ఎద్దులకు ఇంత మేలైన దాణా కనిపెట్టిన అమాత్యులవారికి కూడా ఒక బిరుదు ఇప్పించండి. పాపం, ఇన్నేళ్ళూ అది తప్పు పళ్ళేల్లో పడుతోంది."

రాజు మళ్ళీ నవ్వు అందుకున్నాడు. "నిజమే! ఇవాళ్టినుంచి మంత్రిగారు 'వృషభ పోషక'. ఖైదీల తిండి అంతా నందనానికి తోలించండి. మనుషులకు మనుషుల తిండి పెట్టండి."

లోపల ఖైదీలు వేసిన కేకలకు పెంకుల మీది పావురాలు లేచిపోయాయి. పెద్దయామాత్యుడు బిరుదు అందుకున్నాడు కాని, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఇక ముద్దాయిని విడుదల చెయ్యండి!" అన్నాడు రాజు.

తలుపులు బార్లా తెరిచారు. చుక్కడు తెరిచిన తలుపు వంక చూశాడు, పళ్ళెం వంక చూశాడు, హాయిగా కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. సంగమ్మ పలుపు పట్టి లాగింది. మనవరాలు తోక పట్టి తోసింది. చివరికి రాజుగారే పంచె ఎగగట్టి ఒక భుజం వేశాడు. అయినా అంగుళం కదల్లేదు.

ఆ ఎద్దును బయటికి తేవడానికి ఎంతసేపు పట్టిందో మీరే లెక్కలు వేసుకుంటూ ఇళ్ళకు నడవండి. చీకటి పడుతోంది, మీ అమ్మలు అప్పుడే రెండుసార్లు పిలిచారు. లేవండి, చాప చుట్టండి. కాళ్ళు కడుక్కుని అన్నాలు తినండి పొండి!